జెండా మోసేది మనం, బీ-ఫారం రాసేది ఎవరు?

(శ్రీశైలంలో రెండు రోజులు జరిగిన కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక పాత్రికేయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా అచ్చువేస్తున్నాం.)



నాకిచ్చిన అంశం ‘ఎన్నికల్లో కార్యకర్త పాత్ర’. ఈ పేరుతో క్లాసు అంటే ఏం చెప్తారో మీకు తెలుసు. ఓటరు లిస్టు ఎట్లా చూసుకోవాలి, స్లిప్పులు ఎట్లా పంచాలి, ఏజెంటుగా ఎట్లా కూచోవాలి. అవీ చెప్తా, రెండు నిమిషాల్లో అయిపోతాయి. అసలు సంగతి వేరే ఉంది. రేపు మధ్యాహ్నం చర్చకొచ్చే ముసాయిదాలో ఒక వాక్యముంది: ‘అభ్యర్థుల ఎంపికపై తుది నిర్ణయం రాష్ట్ర కమిటీదే.’ ఆ వాక్యం వద్దని చెప్పడానికే నేను నిలబడ్డా. పెద్దలు వేదిక మీదనే ఉన్నారు, కోపం చేసుకోవద్దని ముందే మనవి.

మనం కూచున్న నియోజకవర్గం సంగతితోనే మొదలుపెడదాం. శ్రీశైలం నియోజకవర్గం పాతది కాదు. 2008 పునర్విభజనలో పుట్టింది, అంతకుముందు ఆత్మకూరు. శ్రీశైలం, ఆత్మకూరు, వెలుగోడు, బండి ఆత్మకూరు, మహానంది మండలాలు కలిపి చేసినారు. 2009లో కాంగ్రెస్ తరఫున ఏరాసు ప్రతాపరెడ్డి గారు గెలిచినారు. 2014 నుంచి చూడండి. ఆ ఏడు వైసీపీ తరఫున బుడ్డా రాజశేఖరరెడ్డి గారు, తెలుగుదేశం తరఫున శిల్పా చక్రపాణిరెడ్డి గారు. బుడ్డా గారు గెలిచినారు, కొంతకాలానికి తెలుగుదేశంలోకి పోయినారు. 2017 నంద్యాల ఉప ఎన్నిక వేళ శిల్పా గారు ఎమ్మెల్సీ పదవికి రాజీనామా ఇచ్చి వైసీపీలోకి వచ్చినారు. (పదవి వదులుకొని రావడం ఈ కాలంలో అరుదు, ఆ మాట చెప్పాల.) 2019లో మళ్లీ ఆ ఇద్దరే. జెండాలు మాత్రం తారుమారు. వైసీపీ శిల్పా గారు, తెలుగుదేశం బుడ్డా గారు. శిల్పా గారు గెలిచినారు. 2024లో అదే జోడీ, అవే జెండాలు, ఈసారి బుడ్డా గారి గెలుపు.

వాళ్లిద్దర్నీ తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. చట్టంలో వాళ్లకున్న దారిలో వాళ్లు పోయినారు. నేను అడిగేది కింద ఉన్నోని సంగతి. 2014లో వెలుగోడులోనో బండి ఆత్మకూరులోనో ఒక పార్టీ జెండా పట్టుకొని ఎండలో తిరిగినోడున్నాడు. ఎదుటి పార్టీ వాడితో మాటల్లేవు, పెళ్లికి పిలుపుల్లేవు. కొందరి మీద కేసులు పడ్డాయి. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌కు పిలిచి బైండోవర్ చేసినారు. ఐదేండ్లు తిరిగేసరికి నిన్నటిదాకా ఎవరిని తిట్టినాడో ఆయన ఫ్లెక్సీనే కట్టాల్సొచ్చింది. కట్టనన్నోడు ఇంట్లో కూచున్నాడు. ఈ మార్పిడి జరిగేటప్పుడు, ‘ఏం నాయనా, మనం ఈయన్ని తీసుకుందామా వద్దా’ అని ఆ కార్యకర్తను ఒక్కరన్నా అడిగినారా? రెండు పార్టీల్లో ఎక్కడైనా ఒక ఊళ్లో, ఒక డబ్బా పెట్టి, చీటీ వేయించినారా?

ఇది శ్రీశైలం ఒక్కచోటే కాదు. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు యాడ చూసినా ఇదే వరస.

టికెట్ అంటే ఏంది?

టికెట్ అనేది గాలిలో మాట కాదు, దానికొక కాగితముంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు 1968 నాటి గుర్తుల ఉత్తర్వు కింద ఎన్నికల సంఘం ఫారం-ఏ, ఫారం-బీ అని రెండు పెట్టింది. ఫలానా మనిషికి సంతకం చేసే అధికారముంది అని పార్టీ చెప్పేది ఏ-ఫారం. ఆ మనిషి సంతకం చేసి ‘మా అభ్యర్థి ఈయన, ఈయన నామినేషన్ పోతే బదులు ఆయన’ అని రాసిచ్చేది బీ-ఫారం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు రిటర్నింగ్ అధికారి చేతిలో పడాల. సంతకం సిరాతో చేసిందే కావాల, రబ్బరు ముద్ర చెల్లదు. అందుకే ఆ చివరి రోజు హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి కార్లు అంత వేగంగా వస్తాయి.

ఆ కాగితం మీద సంతకం ఎవరిదని చట్టం అడుగుతుంది. ఆ పేరు ఎట్లా తేల్చినారని మాత్రం అడగదు. 1989 నుంచి పార్టీలు ప్రజాప్రాతినిధ్య చట్టం 29-ఏ సెక్షన్ కింద రిజిస్టరు కావాల. పార్టీ పదవులకు ఎన్నికలు జరుపుకోవాలని ఎన్నికల సంఘం చెప్తుంది. అభ్యర్థిని సభ్యులు ఎన్నుకోవాలని యాడా లేదు. పార్టీల లోపలి ప్రజాస్వామ్యానికి చట్టం తేవాలని 1999లో లా కమిషన్ 170వ నివేదికలో రాసింది. ఆ కాగితాలు ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి.

పార్టీ పదవుల ఎన్నికలైనా ఎట్లున్నాయి? తెలుగుదేశం మహానాడులో 1995 తర్వాత అధ్యక్ష పదవికి పోటీ అనేది మనం చూడలా. 2022 జూలైలో వైసీపీ ప్లీనరీలో ఏకంగా శాశ్వత అధ్యక్షుణ్ణే పెట్టుకున్నారు. అది కుదరదని సెప్టెంబరులో ఎన్నికల సంఘం చెప్పాల్సి వచ్చింది. ఇక సభ్యత్వాలంటారా, వంద రూపాయలు కట్టి తెలుగుదేశం సభ్యత్వం తీసుకుంటే ప్రమాద బీమా ఐదు లక్షలు. మంచిదే, కార్యకర్త కుటుంబానికి ఆ మాత్రం ఆసరా ఉండాల్సిందే. కానీ లెక్క చూడండి: పోతే ఐదు లక్షలు, బతికుంటే ఓటు లేదు. అభ్యర్థి కోసం ఫోన్లు కూడా చేసినారు. రికార్డు గొంతు మోగుతుంది, ఫలానాయన అయితే ఒకటి నొక్కు, ఫలానాయన అయితే రెండు నొక్కు. ఎన్ని ఒకట్లు పడ్డాయో, ఎన్ని రెండ్లు పడ్డాయో నొక్కినోనికి ఎవరూ చెప్పరు. లెక్క చెప్పని ఓటు ఓటెట్లా అవుతాది?

వాలంటీరు అనే మాట సంగతి కూడా ఒకటి. స్వచ్ఛందంగా పనిచేసేవాడని దాని అర్థం. 2019 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో అది యాభై ఇండ్లకొకడు, నెలకు ఐదు వేల గౌరవ వేతనం అయిపోయింది. 2024 మార్చిలో ఎన్నికల సంఘం పింఛన్ల పంపిణీ నుంచి వాళ్లను పక్కన పెడితే, కొందరు రాజీనామా చేసి ప్రచారంలోకి దిగినారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. ఐదు వేలకు ఎట్లా బతికినారో నాకు తెలుసు. కానీ జీతం లేకుండా, ఎవరూ పంపకుండా, నమ్మకంతో ఇల్లిల్లూ తిరిగే మనిషికి మన దగ్గర ఇప్పుడు పేరే లేకుండా పోయింది.

పోటీ మనకు కొత్త కాదు

‘ఇవన్నీ అమెరికా ముచ్చట్లు, మన దగ్గర కుదరవు’ అని ఒక పెద్దాయన నిన్న రాత్రి భోజనాల దగ్గర అన్నాడు. కుదిరినాయి నాయనా, మన దగ్గరే.

1939లో త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష పదవికి మన పట్టాభి సీతారామయ్య గారు సుభాష్ బోసుతో పోటీపడినారు. బోసుకు 1580, పట్టాభికి 1377. ఓడినోని వెనక గాంధీ ఉన్నాడు, అయినా ఓట్లు లెక్కపెట్టినారు. 1951లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి గారు ఆచార్య రంగాను ఓడించినారు. రంగా బయటికి పోయి కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. చీలిక రాలేదా అంటారా, వచ్చింది. కానీ ఎవరి బలమెంతో అందరికీ తెలిసింది.

ఆ తర్వాత కాంగ్రెస్‌లో ఇందిరమ్మ కాలంలో సంస్థాగత ఎన్నికలు మూలకు పడినాయి. మళ్లీ ఎప్పుడు జరిగినాయి? పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు. ఆయన అప్పుడు మన నంద్యాల ఎంపీ. 1991 ఉప ఎన్నికలో తెలుగుదేశం పోటీ పెట్టకపోతే 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచినారు. 1992 ఏప్రిల్‌లో తిరుపతిలో ప్లీనరీ పెట్టి, వర్కింగ్ కమిటీకి నిజంగా ఓట్లు వేయించినారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ లాంటోళ్లు గెలిచినారు. గెలిచినోళ్లలో ఒక దళితుడు లేడు, ఒక ఆదివాసీ లేడు, ఒక ఆడమనిషి లేదు. అది చూపించి పీవీ వాళ్లతో రాజీనామాలు చేయించినారు. ఆయనకు కావలసింది సామాజిక న్యాయమా, ప్రత్యర్థుల అడ్డు తొలగడమా అంటే, రెండోదే ఎక్కువని నా లెక్క. కానీ చూపిన లోపం మాత్రం నిజం. ఉత్త ఓటు పెడితే బలమున్నోడే గెలుస్తాడు. ఈ సంగతికి మళ్లీ వస్తా.

2008లో రాహుల్ గాంధీ పంజాబు నుంచి మొదలుపెట్టి యువజన కాంగ్రెస్‌లో ఎన్నికలు పెట్టించినారు. మొదటగా ఎన్నికైన పంజాబు అధ్యక్షుడు మాజీ ముఖ్యమంత్రి బియాంత్ సింగ్ మనవడు. 2014లో ఇంకో అడుగేసి, దేశంలో పదిహేను పదహారు పార్లమెంటు సీట్లలో అభ్యర్థిని పార్టీవాళ్లే ఓటేసి ఎన్నుకోవాలన్నారు. అచ్చం అమెరికా ప్రైమరీ లాగా అని పేపర్లలో వచ్చింది. మన రాష్ట్రంలో ఒక్క సీటూ లేదు. దగ్గర్లో అంటే బెంగళూరు ఉత్తరం, మంగళూరు. ఓటు సాదా సభ్యునికి ఇయ్యలా, కమిటీల్లో ఉన్నోళ్లకే. మంగళూరులో పాత కాపు జనార్దన పూజారి గారే నెగ్గినారు, బయటి ఎన్నికలో ఓడినారు. వడోదరలో జరిగింది వినండి. నరేంద్ర రావత్ అనే ఆయన పార్టీవాళ్ల ఓట్లతో గెలిచినారు. అంతలో అక్కడ మోదీ నిలబడతాడని తేలింది. వెంటనే ఆయన్ని పక్కకు పెట్టి మధుసూదన్ మిస్త్రీకి టికెట్ ఇచ్చినారు. కార్యకర్తలు వేసిన ఓటు ఢిల్లీలో ఒక్క పూటలో చెల్లకుండా పోయింది. ఓటు పెట్టి, ఆ ఓటును తోసేసే అధికారం పైన ఉంచుకుంటే జరిగేది అదే. మన ముసాయిదాలో ఉన్న ‘తుది నిర్ణయం’ అనే మాట సరిగ్గా ఆ అధికారమే.

ఇక అమెరికా. మన కడప, కర్నూలు పిల్లలు ఎంతోమంది డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్నారు. ఆ టెక్సాస్ రాష్ట్రంలో ఒకప్పుడు డెమోక్రాటిక్ పార్టీదే రాజ్యం. బయటి ఎన్నిక పేరుకే, పార్టీ లోపలి ప్రైమరీలో గెలిచినోడే గెలిచినట్టు. నల్లవాళ్లకు బయటి ఎన్నికలో ఓటు హక్కు చట్టంలో ఉన్నా, ప్రైమరీలో మాత్రం రానీయలేదు. ఎందుకంటే పార్టీ మా సొంత సంఘం, మా ఇష్టం అన్నారు. హ్యూస్టన్‌లో పండ్ల డాక్టరు లానీ స్మిత్ అనే నల్లజాతి ఆయన కోర్టుకు పోయినాడు. 1944లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదని తీర్పిచ్చింది. అభ్యర్థిని తేల్చేచోట ఓటు లేకపోతే అసలు ఓటే లేనట్టని అక్కడ తేలింది.

మన సీమలో ఎన్ని ఊళ్లున్నాయి, ఒకే గుర్తుకు ఓట్లన్నీ పడే ఊళ్లు? ఆ ఊళ్లో టికెట్ తేలిన రోజే ఎన్నిక అయిపోయినట్టు. పోలింగు రోజు మన పని చీటీ చింపడమే.

టికెట్‌కు నీళ్లకు సంబంధముంది. కిందికి నడిచిపోయి డ్యామ్ చూడండి. పూర్తి మట్టం 885 అడుగులు. కనీస మట్టం 854 ఉండేదాన్ని 1996లో 69వ నంబరు జీవో ఇచ్చి 834కు దించినారు. నీళ్లు అంత కిందికి పోతే పోతిరెడ్డిపాడు తూములకు అందవు. 2004లో 107వ జీవో వచ్చి మళ్లీ 854 అనేదాకా ఎనిమిదేండ్లు అదే నడిచింది. ఆ ఎనిమిదేండ్లలో సీమ నుంచి అధికార పార్టీలో ఎంతమంది ఎమ్మెల్యేలున్నారు? అసెంబ్లీలో గొంతెత్తి, ఈ జీవో రద్దు చేస్తారా నన్ను సస్పెండు చేస్తారా అన్నోళ్లు ఎంతమంది? 1985 ఫిరాయింపుల చట్టం తర్వాత విప్ అనే కత్తి ఎట్లాగూ ఉంది. దానికి మించి వచ్చేసారి బీ-ఫారం రాసే చెయ్యి హైదరాబాదులో ఉంది. వెలుగోడు రైతు చేతిలో ఆ కాగితం ఉండుంటే మాట వేరేగా ఉండేదని నేను గట్టిగా నమ్ముతా. ఈ డ్యామ్ కింద ఊళ్లు పోయినోళ్లు, ఇంటికొక ఉద్యోగమన్న 1986 నాటి 98వ జీవో పట్టుకొని తిరిగి తిరిగి ముసలోళ్లయినారు. వాళ్ల అర్జీ ఏ అభ్యర్థి ఎంపికలోనన్నా ఒక ప్రశ్నగా వచ్చిందా?

మనమెట్లా చేయాల

భయాలున్నాయి, కాదనను. డబ్బున్నోడు రాత్రికి రాత్రి వెయ్యి సభ్యత్వాలు రాయించి గెలుస్తాడు అంటారు. నిజమే, రాయిస్తాడు. అందుకే ఎన్నికకు మూడు నెలల ముందు పుస్తకం మూసేయాల. ఆ తర్వాత చేరినోళ్లకు వచ్చేసారి ఓటు. పుస్తకం ఊరి రచ్చబండ మీద అందరికీ వినపడేట్టు చదవాల, లేనోని పేరుంటే అక్కడే కొట్టేస్తారు.

కులం వస్తుంది అంటారు. ఎప్పుడు లేదు? ఈ శ్రీశైలంలో బస్సు దిగినోడు ముందు వెతికేది తన కులం సత్రం. మల్లన్న దగ్గరికొచ్చి కూడా మనం కులాలవారీగానే పడుకుంటాం. కమిటీలో తేల్చినా కులమే తేలుస్తుంది, కాకపోతే తలుపులేసుకొని తేలుస్తుంది. తిరుపతిలో కనపడిన లోపానికి మందు ముందే వేసుకోవాల. ఎన్నికలో వరసగా నిలబడే మూడు పేర్లలో ఒకటి ఆడమనిషిది, ఒకటి దళితుడిదో బీసీదో కావాలని నియమం పెట్టుకుందాం. డబ్బా ఊళ్లోనే పెట్టాల, నాయకుని ఇంటి ముందర కాదు. నల్లమలలో చెంచు గూడెం ఉంటే డబ్బానే గూడేనికి పోవాల. ఆడమనిషి ఓటు ఆమె వేయాల, మొగుడో కొడుకో తెచ్చిన చీటీ చెల్లదు.

ఓడినోడు ఎదుటోని పంచన చేరతాడు అంటారు. ఇప్పుడు చేరడం లేదా? ఓటులో ఓడినోడు, కనీసం ఎన్ని ఓట్లతో ఓడినానో చూసుకుంటాడు. పోటీకి దిగే ముందే ప్రతివాడూ కాగితం రాసియ్యాల: ఓడితే, నా ఊరి బూతులో గెలిచినవాని ఏజెంటుగా కూచుంటా అని.

బయటివాళ్లు నవ్వుతారు అంటారు. ఇంగ్లండులో టోట్నెస్ అనే నియోజకవర్గంలో 2009లో కన్జర్వేటివ్ పార్టీ ఏకంగా ఊరందరికీ పోస్టులో బ్యాలెట్లు పంపింది. వేరే పార్టీవాళ్లకు కూడా. పదహారు వేల మంది దాకా వేసినారు. నెగ్గింది ఎవరు? పార్టీలో పెద్దగా ఎవరికీ తెలియని ఒక డాక్టరమ్మ, సారా వోలస్టన్. మరుసటేడు పార్లమెంటుకు గెలిచింది. గెలిచినాక సొంత పార్టీని కూడా ఎదిరించి ఓటేసిందని పేరు. అందుకేనేమో ఆ పార్టీ అట్లాంటి ఖర్చు మళ్లీ ఎక్కువ పెట్టుకోలేదు.

ఏజెంటు పని చెప్తానన్నా కదా. పోలింగుకు గంటన్నర ముందే పోవాల. మాక్ పోల్‌లో కనీసం యాభై ఓట్లు వేసి, లెక్క చూసి, అవి తుడిచేసినారో లేదో కండ్లారా చూడాల. సాయంత్రం 17-సీ కాగితం, అంటే ఎన్ని ఓట్లు పడినాయనే లెక్క, ప్రిసైడింగ్ అధికారి సంతకంతో చేతికొచ్చేదాకా కదలొద్దు. సీమలో ఆ కుర్చీలో కూచోవడమంటే ఏందో మీకు నేను చెప్పనక్కర లేదు. గుర్తింపు లేని పార్టీ అభ్యర్థికైనా, స్వతంత్రునికైనా అసెంబ్లీ నామినేషన్ మీద పదిమంది ఓటర్ల సంతకాలు కావాల, గుర్తింపు ఉన్న పార్టీకి ఒక్కటి చాలు. మనకు ఆ పదిమంది కావాల. ఆ పది సంతకాలు పెట్టినోళ్ల ఇండ్లకే ముందు బెదిరింపు పోతాది. తాము ఎన్నుకోని మనిషి కోసం ఆ సంతకం ఎవరు పెడతారు, ఆ కుర్చీలో ఎవరు కూచుంటారు, ఎందుకు కూచోవాల?

నా సవరణ ఇది, చదువుతా: ‘అభ్యర్థిని ఆ నియోజకవర్గ సభ్యులు రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. ఓట్లు ఏ ఊరివి ఆ ఊళ్లోనే లెక్కపెట్టి అక్కడే ప్రకటిస్తారు. ఆ ఫలితాన్ని మార్చే అధికారం ఏ కమిటీకీ ఉండదు.’ దీన్ని రేపు చర్చకు పెట్టాలంటే ఇరవై సంతకాలు కావాలని అధ్యక్షులవారు చెప్పినారు. కాగితం భోజనశాల గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది, పెన్ను దారంతో కట్టినాం. ఇప్పటికి నాలుగు పడినాయి.